తిప్పి చూడని రాకెట్

ఇరవై ఆరేళ్ల వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఆ రోజుల్లో నాకైతే అసలే ఉండేది కాదు. ఎనభైల మొదటి సంవత్సరాలు. మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్లో, కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో, తలుపుల డిపార్ట్‌మెంట్‌లో, అందులోనూ మడతబందుల సెక్షన్‌లో నేనొక ఇంజనీర్ని. (కారు తలుపు వేస్తే ‘ధబ్’ అని హుందాగా చప్పుడు రావాలి, ‘కిర్రు’మనకూడదు. ఈ ఒక్క పనికి పదకొండు మందిమి జీతాలు తీసుకునేవాళ్లం.) మా సెక్షన్‌లో సర్వరోగాలకీ ఒకటే చికిత్స: మందం పెంచు. బందు వంగిందా, మందం పెంచు. బోల్టు విరిగిందా, మందం పెంచు. ఈ ఒక్క మంత్రంతో మూడేళ్లు నెట్టుకొచ్చి, లోకంలో ఇంజనీరింగ్ అంటే ఇంతేనని ఒక నిశ్చయానికి వచ్చేశాను.

మా బాస్‌ని ఇంట్లో మేం మీసాలాయన అనేవాళ్లం. రెండు చేతులా పట్టుకుని మెలితిప్పాల్సినంత మీసం. ఆయనకి బొమ్మ రాకెట్ల పిచ్చి. బొమ్మలంటే ఊరికే అలమారలో పెట్టుకునేవి కావు, నిజంగా ఎగిరేవి. పెట్టెలో విడివిడిగా వస్తాయి: ఒక అట్టగొట్టం, ప్లాస్టిక్ ముక్కు, తేలికపాటి చెక్క రెక్కలు, మడిచి లోపల పెట్టే చిన్న పారాచూట్. అడుగున మందు కూరిన కాగితపు గొట్టం ఒకటి దూరుస్తారు, దాని పేరు ఇంజిన్. దూరంగా నిలబడి బటన్ నొక్కితే వైరులోంచి కరెంటు వెళ్లి అంటుకుంటుంది. మన దీపావళి తారాజువ్వకి కాలేజీ చదివిన తమ్ముడన్నమాట. ఇంజిన్లకి ఏ, బీ, సీ, డీ అని పేర్లు, అక్షరం మారినప్పుడల్లా బలం రెట్టింపు. ప్రతి వేసవిలో డిపార్ట్‌మెంట్ పిక్నిక్‌లో అందరూ సీ ఇంజిన్లతో ఎగరేసేవాళ్లు. నేను పేపర్ ప్లేటు పట్టుకుని చప్పట్లు కొట్టేవాణ్ణి. మూడేళ్లుగా వాళ్ల దృష్టిలో నేను డ్రాయింగులు దిద్దే నోరులేని కుర్రాణ్ణి. ఒక్కసారైనా నా తడాఖా చూపించకపోతే ఈ జన్మకి ఇంతేనన్న దుగ్ధ లోపల ఉడుకుతూ ఉండేది. ఆ సంవత్సరం పిక్నిక్‌కి నెల ముందు, కాఫీ మెషీన్ దగ్గర, ఎవరూ అడక్కుండానే నా నోటివెంట వచ్చేసింది: “ఈసారి నేను డీ ఇంజిన్ పెడుతున్నాను.” మీసాలాయన మీసం ఆగిపోయింది. “మంచిది, చూద్దాం” అన్నాడు. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

సీ ఇంజిన్ చూపుడువేలంత, డీ ఇంజిన్ బొటనవేలంత లావు. నేను కొన్న రాకెట్ చూపుడువేలికి చేసింది. లోపలి గొట్టం కోసి తీసేసి పెద్ద గొట్టం దిగేశాను. అంత ఇంజిన్ తోస్తే రెక్కలు తట్టుకుంటాయా? తట్టుకోవు. ఏం చెయ్యాలి? మీకీపాటికి తెలిసే ఉంటుంది. మందం పెంచాను. తేలిక చెక్క పీకేసి ప్లైవుడ్ రెక్కలు కోసి అతికించాను. జాయింట్లకి ఎపాక్సీ జిగురు ఒకసారి కాదు, మూడుసార్లు పట్టించాను. (మా డైనింగ్ టేబుల్ మీద ఆ జిగురు మరక చాలా ఏళ్లుంది. టేబుల్ ఎవరికో ఇచ్చేటప్పుడు దాని చరిత్ర కూడా చెప్పి ఇచ్చాం.)

మా ఆవిడ కాపరానికొచ్చి అప్పటికి ఏడు నెలలు. దిగడం దిగడమే మంచులో దిగింది. కారు లేకపోతే కాలు బయటపెట్టలేని ఊరు, పొద్దున్నే నేను వెళ్లిపోతే సాయంత్రం దాకా గోడలతో కాపరం. డిగ్రీ చదివింది, ఇంగ్లీషు చదివితే సుబ్బరంగా అర్థమయ్యేది కానీ మాట్లాడాలంటే జంకేది. ఫోన్ మోగితే పక్కగదిలోకి పారిపోయేది. వచ్చినప్పుడు గలగలమన్న పిల్ల, రానురాను నాతో కూడా పొడిమాటలే మాట్లాడుతోంది. నాకు దిగులుగా ఉండేది, కానీ ఏం చెయ్యాలో తెలిసేది కాదు. (అన్నీ తెలుసని పైన రాశాను కదా, ఇదొక్కటి మినహాయించుకోండి.) మాట్లాడ్డం తగ్గించి ఆవిడ చదవడం పెంచింది. ఇంట్లోకి వచ్చిన ఏ ఇంగ్లీషు కాగితాన్నీ వదిలేది కాదు, మొక్కజొన్న అటుకుల డబ్బా మీది అక్షరాలతో సహా. రాకెట్ పెట్టెలో వచ్చిన సూచనల కాగితాన్ని కూడా చదివింది. నేను చదవలేదు. ఇంజనీరన్నవాడు సూచనలు చదవడం నామోషీ కదండీ.

“ఏవండీ, దీనికి దారం కట్టి తల చుట్టూ తిప్పి చూడమన్నాడు ఇందులో” అంది ఒక ఆదివారం మధ్యాహ్నం.

“అవి చిన్నపిల్లలకి రాసినవి.”

“పెద్ద ఇంజిన్ పెడితే తప్పకుండా తిప్పాలట. సమంగా తూగేచోట దారం కట్టాలి. తిప్పితే ముక్కు ముందుండి తిరగాలి. తోక బరువెక్కువైతే తోకే ముందుకొస్తుంది, అలాంటిది ఎగరెయ్యొద్దన్నాడు. మీరేమో తెచ్చినవన్నీ తోకకే తగిలిస్తున్నారు.”

“ఇంజనీర్ని నేనా, నువ్వా?”

“మీరే. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.”

ఏడు నెలల్లో ఆవిడ నాతో ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడ్డం అదే మొదలు. కళ్లల్లో పాత వెలుగు వచ్చింది. ఆవిడది ప్రకాశం జిల్లాలో జొన్నచేల ఊరు. చిన్నప్పుడు మంచె ఎక్కి, వడిసెల్లో రాయి పెట్టి గిరగిరా తిప్పి పిట్టల్ని తోలిన చెయ్యి అది. “ఆ బొమ్మ చూడగానే నాకు మా చేనే గుర్తొచ్చింది, ఇటివ్వండి నేను తిప్పుతాను” అని లేచింది. పరాయి ఊళ్లో, అపార్ట్‌మెంట్ ముందు, అందరూ చూస్తుండగా నా భార్య చీర దోపి రాకెట్‌ని వడిసెల తిప్పినట్టు తిప్పడమా! “వద్దులే, నేనే తిప్పుతాను” అన్నాను. “ఒట్టు?” అంది. “ఒట్టు” అన్నాను. పిక్నిక్‌కి రానంటే రానని మొండికేసిన మనిషి, ఆ ఒట్టు విన్నాక, “సరే, ఇది ఎగరడం చూడ్డానికి వస్తాను. అక్కడ నన్నెవరూ మాట్లాడించకుండా మీరే చూసుకోవాలి” అంది.

పిక్నిక్ రోజు పొద్దున్న ఆవిడ పులిహోర కలుపుతుంటే నేను రాకెట్టూ దారమూ పట్టుకుని కిందికి దిగాను. పార్కింగ్ స్థలంలో పక్కింటి ముసలాయన కారు కడుక్కుంటున్నాడు. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. ‘గుడ్ మార్నింగ్’ అన్నాను. దారం జేబులో పెట్టుకుని పైకొచ్చేశాను.

“తిప్పారా?”

“ఆఁ, బ్రహ్మాండంగా తిరిగింది.”

“ముక్కు ముందుకేనా?”

“ముక్కు ముందుకే.”

“అమ్మయ్య!” అని నవ్వింది. పెట్టె తెరిచి పెళ్లినాటి నెమలికంఠం రంగు చీర తీసింది. ఎన్నాళ్లకి నవ్విందో. ఆ నవ్వు చూసి కూడా నేను నోరు విప్పలేదు, అదీ నా నిర్వాకం.

పార్కులో నలభై మంది. మీసాలాయన రాకెట్ సీ ఇంజిన్‌తో చక్కగా ఎగిరి, ఎర్ర పారాచూట్ విప్పుకుని గడ్డిలో దిగింది. తర్వాత నా వంతు. డీ ఇంజిన్ అనగానే అందరూ మూగారు. మా ఆవిడ కాస్త వెనగ్గా నిలబడి రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. అందరూ కలిసి పదినుంచి వెనక్కి లెక్కపెట్టారు. నేను బటన్ నొక్కాను.

లేవడం మాత్రం మహా ఠీవిగా లేచింది. కొబ్బరిచెట్టంత ఎత్తు వెళ్లేదాకా నేను ప్రపంచ విజేతని. అక్కడ దానికేం గుర్తొచ్చిందో, గిర్రున వెనక్కి తిరిగి గాల్లో రెండు పల్టీలు కొట్టి, నేలబారుగా మా మీదికొచ్చింది. “పడుకోండి!” అని ఎవరో అరిచారు. తలుపుల డిపార్ట్‌మెంట్ యావత్తూ సాష్టాంగపడిపోయింది. మీసాలాయన చేతిలో హాట్‌డాగ్‌తో సహా పడ్డాడు. రాకెట్ బుస్సుమంటూ మా అందరి మీదుగా దూసుకుపోయి, గడ్డిలో జారి, మీసాలాయన కొత్త కారు కిందికి దూరింది. రెండు క్షణాలు గడిచాయి. అప్పుడు కారు కింద ‘టప్’మంది. పారాచూట్ మాత్రం అనుకున్న టైముకే విచ్చుకుంది.

ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. నేను లేచి దుమ్ము దులుపుకుంటూ ముందు మీసాలాయన వైపు కాదు, మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ మాత్రం పడుకోలేదు, నిలబడే ఉంది. నావైపే చూస్తోంది. కోపం కూడా లేదు ఆ చూపులో. దగ్గరికొచ్చి, “మీరు తిప్పలేదు కదూ” అంది మెల్లగా, నాకు మాత్రమే వినబడేట్టు. నా ప్రాణం చచ్చిపోయింది. ఈ దేశంలో ఆవిడకి నమ్మడానికి ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి పార్కింగ్‌లో ముసలాయన చూస్తున్నాడని అబద్ధమాడాడు.

ఈలోపు మీసాలాయన రాకెట్‌ని పట్టుకుని వచ్చాడు. ముక్కు చొట్టపోయింది. రెక్కలు మాత్రం చెక్కుచెదరలేదు. (మందం పెంచాను కదా.) ఆయన ముఖంలో నవ్వు లేదు. “దారం కట్టి తిప్పి చూశావా?” అనడిగాడు. నలభై మందీ నా జవాబు కోసం చూస్తున్నారు. నేను జేబులో దారాన్ని తడుముకున్నాను.

అప్పుడు నా పక్కనించి మా ఆవిడ గొంతు వినబడింది. ఇంగ్లీషులో! “సర్, అది నా పని. నేను మర్చిపోయాను. క్షమించండి.” కొంగు గుప్పిట్లో నలిగిపోతోంది, మాట మాత్రం స్పష్టంగా ఉంది. ఫోన్ మోగితే పారిపోయే మనిషి, బయటివాళ్లతో ఆవిడ మాట్లాడిన మొట్టమొదటి మాటలు అవి.

ఆ నేరం అలా ఆవిడ నెత్తిమీద ఉండనిస్తే నా పరువు నిలిచేది. ఎవరూ ఆవిడని ఏమీ అనేవాళ్లు కూడా కాదు. ఒక్క క్షణం ఆ ఆలోచన రాలేదని చెప్పను. కానీ ఆవిడ గుప్పిట్లో కొంగు అలా నలుగుతుంటే చూడలేకపోయాను. “కాదు” అన్నాను, అవసరానికి మించి గట్టిగా. “ఆవిడ తిప్పమంది. పెద్ద ఇంజిన్‌కి తోక బరువెక్కువైందని కూడా చెప్పింది. నేను తిప్పలేదు. తిప్పానని ఆవిడకి అబద్ధం చెప్పాను.”

మూడేళ్ల నా నోరులేనితనం అలా వదిలిపోయింది. ముందుగా మీసాలావిడ (ఆవిడకి మీసాల్లేవు లెండి, ఆయన భార్య) పకపకా నవ్వి, “మా ఇంటాయన పాతికేళ్లలో ఇంత స్పష్టంగా ఒక్కటీ ఒప్పుకోలేదు” అంది. మీసాలాయన నన్ను వదిలేసి మా ఆవిడ వైపు తిరిగాడు. “మీకు తిప్పడం వచ్చా, అమ్మా?” అన్నట్టుగా అడిగాడు. నేను ప్యాకెట్టులో మిగిలిన రెండో డీ ఇంజిన్ రాకెట్‌లో దూర్చి, జేబులోంచి దారం తీసిచ్చాను.

ఆవిడ కొంగు దోపింది. రాకెట్‌ని వేలిమీద తూచి, తూగినచోట దారం బిగించి, జనాన్ని చేత్తోనే వెనక్కి జరగమని, తల మీదుగా తిప్పడం మొదలుపెట్టింది. రాకెట్ సిగ్గులేకుండా తోక ముందు పెట్టుకుని తిరిగింది. అందరూ “ఓ!” అన్నారు. మీసాలాయన సామాన్ల పెట్టెలో పిల్లలాడుకునే బంకమట్టి ఉంది. ఆవిడ దాన్ని ఉండ చేసి ముక్కులో కూరి మళ్లీ తిప్పింది, ఇంకాస్త కూరి మళ్లీ తిప్పింది. మూడోసారి ముక్కు బుద్ధిగా ముందుకొచ్చింది. ఈసారి లెక్కపెట్టాక బటన్ ఆవిడే నొక్కింది. అది నిట్టనిలువుగా ఎగిరి, చుక్కయి, చివరికి ఆ చుక్క కూడా లేకుండా పోయింది. పారాచూట్ ఎక్కడ విప్పుకుందో, ఏ ఊళ్లో దిగిందో దేవుడికెరుక. ఆవిడ చంటిపిల్లలా గెంతింది. మీసాలావిడ ఆవిడ చెయ్యి పట్టుకుని తన పక్కన కూచోబెట్టుకుంది. ఆ సాయంత్రం వాళ్లిద్దరూ ఏ భాషలో మాట్లాడుకున్నారో నాకిప్పటికీ తెలియదు, పులిహోర గిన్నె మాత్రం ఖాళీ అయింది.

తిరిగొచ్చేటప్పుడు కార్లో నేనే అడిగాను. “నువ్వు మర్చిపోయానని ఎందుకన్నావు?”

“సోమవారం మీరు ఆఫీసులో తలెత్తుకుని తిరగాలి కదా” అంది కిటికీలోంచి చూస్తూ. “మరి మీరెందుకు నిజం చెప్పేశారు?” అంది.

“ఇంట్లో తలెత్తుకుని తిరగాలి కదా” అన్నాను.

ఆవిడ ఇటు తిరిగి నన్ను చూసింది. అక్కణ్ణించి ఇంటిదాకా మాట్లాడుతూనే ఉంది.

ఆ ప్లైవుడ్ రెక్కల కుర్రాణ్ణి తల్చుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది, పొగరుబోతు వెధవ అనిపిస్తుంది. కానీ నలభై మంది ముందు తప్పు ఒప్పుకోవడానికి వాడికి పట్టింది ఒక్క క్షణమే. జుట్టు నెరిసి, మనవలొచ్చి, అంతో ఇంతో జ్ఞానమొచ్చిందనుకుంటున్న నాకు ఇప్పుడు అదే పనికి, ఇంట్లో ఒక్క మనిషి ముందు, రెండ్రోజులు పడుతోంది. ఆ రెండ్రోజులూ ఆవిడ ఏమీ అడగదు, కాఫీ ఇచ్చి ఎదురుగా కూచుంటుంది.