రెండంగుళాలు దిగిన కారు

రాష్ట్రం విడిపోయిన కొత్తలో మార్కాపురంలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా రాజధాని గొడవే. నాకు మాత్రం మా కారు వెనక భాగం రెండంగుళాలు కిందికి దిగుతుందా లేదా అన్నదే గొడవ.

మా అక్కకు పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. అరచేతులకు హవాయి చెప్పులు తొడుక్కుని నేలమీద చకచకా పోతుంది. కుట్టుపనిలో ఆమెకు మంచి పేరు. గిద్దలూరులో ఆడపిల్లలకు కుట్టు నేర్పే చోట ఉద్యోగం ఇస్తామన్నారు. సోమవారం చేరాలి. రోజూ నేను కారులో దింపి వస్తానన్నాను. అక్క ఒక్కటే మాట చెప్పింది.

"నన్ను ఎవురన్నా చంకల కింద చేతులేసి ఎత్తితే నేను రాను. బస్సులో కండక్టరు ఎత్తె, ఆటోకాడ ఆటోవాడు ఎత్తె. ఇంక చాలు. నా అంతట నేను ఎక్కేటట్టుంటేనే పోతా. లేదంటే ఆ ఉద్యోగం నాకొద్దు."

ఆమె వద్దంటే వద్దే. నా పాత కారు వెనక సీటేమో ఆమెకు అందీ అందకుండా ఉంటుంది. కారు తలుపు గుమ్మం మీద చేతులు ఆనించి లేస్తుంది, ఇంకో రెండంగుళాలుందనగా చేతులు వణికి కూలబడుతుంది. సాయం పట్టబోతే కొట్టేంత కోపం. నాకూ కోపం తక్కువేమీ కాదు. ఇద్దరం రోజంతా అరుచుకుని అన్నాలు మానేశాం.

శనివారం పొద్దున్నే కారు తీసుకుని మెకానిక్ భాయ్ షెడ్డుకు పోయాను. "ఎనక పొట్టి స్ప్రింగులు ఏద్దాంలే అమ్మా, దిగుతాది" అన్నాడాయన. జాకీ పెట్టి పాతవి తీసి పొట్టివి వేసి కారును దించేసరికి వెనక భాగం నిజంగానే కూర్చుంది. పండగ చేసుకోబోయాను. ఆయన మాత్రం కారు వెనక గొంతుక్కూర్చుని తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఏంది భాయ్?"

"ఇరుసు పక్కకు జరిగినాది, చూడు."

ఎడమ చక్రం బయటికి పొడుచుకొచ్చింది, కుడిది లోపలికి పోయింది. ఇరుసు అటూ ఇటూ పోకుండా ఒక అడ్డకడ్డీ పట్టుకుని ఉంటుంది. దాని ఒక కొస ఇరుసుకు, రెండో కొస కారు ఒంటికి బిగించి ఉంటాయి. ఒళ్లు కిందికి దిగితే ఆ కడ్డీ ఇరుసును పక్కకు నెడుతుందట. ఇట్లాగే నడిపితే మలుపుల్లో టైరు రేకుకు రాసుకుని చిరిగిపోతుందన్నాడు.

కడ్డీని కోసి, పొడుగు సర్దుకునేలా నడుమ మరలున్న గొట్టం వెల్డింగుతో అతకాలి. కోయడం అయ్యింది, అతకబోతే కరెంటు పోయింది. నేను రోడ్డు మీదికి పోతాను, వస్తాను, టీ తాగుతాను, తాగానన్న సంగతి మరిచి మళ్లీ చెబుతాను. రాజధాని గురించి కొట్టుకుంటున్న వాళ్లందరినీ తిట్టాలనిపించింది.

"భాయ్, ఇది ఈ జన్మకు అయ్యేదేనా?"

"నువ్వు గమ్మునుంటే అయితాది."

కరెంటు వచ్చింది, గొట్టం అతికింది. చక్రాల పైన రేకు అంచు నుంచి రెండు పక్కలా దారానికి నట్టు కట్టి వేలాడదీశాడు. దారానికీ చక్రానికీ సందు రెండు వైపులా ఒక్కటిగా ఉండాలి. అంతా అయిపోయిందనుకుంటుండగా అడిగాడు. "అక్క ఎంత బరువుంటాది? మనిషి కూచుంటే బండి ఇంకా దిగుతాది గదా. ఆ బరువు మీదనే బిగించాల."

నాకు తెలియదు. అక్కను ఎత్తినవాళ్లంతా బయటివాళ్లే. నన్ను ఎన్నడూ ముట్టుకోనివ్వలేదు. ఫోను చేసి అడిగాను.

"ఏందే, సంతలో మేకను ఏసినట్టు నన్ను తూకమేస్తారా?" అని పెట్టేసింది.

భాయ్ పక్కనున్న పలకల ఫ్యాక్టరీలోంచి నల్లబండలు తెచ్చి, ఉజ్జాయింపుగా వెనక సీటు మీద పేర్చాడు. కడ్డీ సర్దడానికి కారు కిందికి దూరాడో లేదో అక్క మూడు చక్రాల బండి వచ్చి షెడ్డు ముందర ఆగింది. మొహం మండిపోతోంది.

"ఆ బండలు దించండి. నేనే కూచుంటా."

బండలు నేనే దించాను. టీ కొట్టు దగ్గర రాజధాని మాటలు ఆగిపోయాయి. నడిరోడ్డు మీద ఇంతమంది ముందు పడిపోతే సోమవారం సంగతి అటుంచి, ఇక గడప కూడా దాటదని నాకు భయం పట్టుకుంది. అక్క తన బండి దిగి కారు గుమ్మం మీద అరచేతులు ఆనించింది. లేచింది. చేతులు వణికాయి. నేను నా చేతులు వెనక్కి కట్టుకున్నాను. మరుక్షణం సీటు మీద ఉంది.

"కదలొద్దక్కా!" అని కింద నుంచి భాయ్ కేక. గొట్టం తిప్పి, దారాలు చూసి, బోల్టులు బిగించి బయటికి వచ్చాడు. "ఇరుసు నడుమకొచ్చినాది."

నాకు ఏడుపొచ్చింది. దిగక్కా, నీ బండిలో ఇంటికి పో, నేను వెనకే వస్తా అన్నాను.

"దిగేదేంది? గిద్దలూరు రోడ్డు మీద కొంచెం దూరం పోనీ, చూద్దాం."

ఊరు దాటాక ఒక పల్లె దగ్గర ఊరివాళ్లే వేసుకున్న స్పీడ్ బ్రేకరుంది. పొలం గట్టంత ఉంది. మెల్లగా ఎక్కించబోతే కారు కడుపు బరబరా గీరుకుంది. వెనక్కి తీసి ఆపాను. ఇలాంటి చోట కారులో మనుషులు దిగి, ఖాళీ బండి దాటాక మళ్లీ ఎక్కడం మామూలే. ఆ సంగతి ముందు తట్టనందుకు నన్ను నేను తిట్టుకున్నాను. అక్కను దిగమని ఏ నోటితో చెప్పను?

వెనక తలుపు తీసిన చప్పుడైంది. అక్క చెప్పులు చేతులకు తొడుక్కుని దిగింది. అరుగు మీది మగవాళ్లు చూస్తున్నారు, మేకలు తోలుకుపోతున్న ఆయన ఆగి చూస్తున్నాడు. ఎవరో కుర్రాడు ఎత్తడానికి పరుగున వచ్చాడు.

"ఆడనే ఉండబ్బీ" అంది అక్క.

చేతుల మీద ఆ గట్టు దాటింది. నేను ఖాళీ బండిని దాటించి ఆపాను. గుమ్మం మీద చేతులు ఆనించి లేచి, సీటు మీద కూర్చుని, తలుపు తానే లాక్కుంది.

"ఇట్లాంటియి గిద్దలూరు దాకా ఎన్నుండాయే?"

"చానా ఉండాయక్కా."

"ఉండనీ" అంది, చేతుల దుమ్ము దులుపుకుంటూ.