నాచారం గుండు మీద రెండు చుక్కలు

ఉదయం ఆరుంపావుకి విజయవాడలో రైలెక్కాను. అరవై మూడేళ్ల మనిషిని, ఒక బండరాయిని చూడటానికి హైదరాబాదు బయలుదేరానంటే మా చెల్లెలు పకపకా నవ్వింది. నవ్వనీ. మావారు పోయాక ఆయన నోటుపుస్తకాలన్నీ బుద్ధిలేక పాతపేపర్లవాడికి వేసేశాను. ఇక ఆయన చేతి గుర్తు ఎక్కడైనా ఉంటే, నాచారంలో మేం అద్దెకున్న ఇంటి వెనక గుండు మీదే ఉండాలి.

ఆయన కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవారు. ఆ గుండుకి ఒక పగులు ఉండేది. దానికి అటూ ఇటూ పసుపు పెయింటుతో రెండు చుక్కలు పెట్టి, నడుమ ఎర్రగీత గీశారు. ఏటా వానలు వెళ్లాక స్కేలు పట్టుకుని కొలిచేవారు. "ఎంత పెరిగిందండీ?" అంటే, "ఏమీ పెరగలేదు" అని మురిసిపోయేవారు. ఇలాంటి మనిషితో కాపురం చేశాను నేను!

ఖమ్మంలో ఇడ్లీ తిన్నాను, చట్నీ నీళ్లు. పక్క సీటావిడ "హైదరాబాదులో చుట్టాలున్నారా అండీ?" అంది. ఉన్నారన్నాను. భువనగిరి దగ్గర కిటికీలోంచి గుట్టలు కనిపించాయి. ఈ దారిలో ఆయన నోరు మూతపడేది కాదు. ఇదంతా ఒకప్పుడు భూమి లోపల కరిగిన ముద్దట. మెల్లగా చల్లారబట్టి పలుకులు కట్టిందట. పైనున్నదంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోతే బయటపడిందట. నీళ్లు పగుళ్లలో దిగి మూలలు తినేస్తే గుండ్రాళ్లు, అవీ చివికితే మొరం, ఆపైన మట్టి. అప్పుడు ఆవలించేదాన్ని. ఇవాళ ఆ గొంతు కోసం ప్రాణం కొట్టుకుంది.

పన్నెండున్నరకి సికింద్రాబాదు. అక్కడ మెట్రో ఎక్కి ఉప్పల్లో దిగి, నాచారానికి ఆటో మాట్లాడాను. నూట ఇరవై.

"గుండా అమ్మా? ఈడ మస్తుండె. అన్ని పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టిన్రు" అన్నాడు ఆటో అతను. నా ముఖం చూసి, "జర ఫికర్ జెయ్యకు, పోయి సూద్దాం" అన్నాడు.

మా ఇల్లు లేదు. అయిదంతస్తుల భవనం లేచింది. కింద పార్కింగులో తాండూరు బండలు పరిచారు. సముద్రం అడుగున బురద పొరలుపొరలుగా పేరుకుని రాయైందని, అందుకే పలకల్లా ఊడొస్తుందని ఆయన చెప్పేవారు. ఆ బండల మీద నడిచి వెనక్కి వెళ్లాను.

గుండు ఉంది! నిలువెల్లా పసుపు, కుంకుమ బొట్లు, వేపమండలు. ముందు దీపం.

"మొక్కు అమ్మా, పోచమ్మ తల్లి" అంది అక్కడ ఊడుస్తున్న వాచ్‌మన్ భార్య యాదమ్మ. "బిల్డరు దీన్ని గూడ పగలగొట్టనీకి మనిషిని తెచ్చిండు. ఆ మనిషి సుత్తె ఎత్తి సూస్తే రాయి మీద పసుపు కుంకుమ ఉండె. ఎన్ని వానలు పడ్డా పోలేదంట! అమ్మవారి మీద సుత్తె ఎట్లేస్త అని దించేసిండు. ఎవరు పెట్టిన్రో మహానుభావులు."

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గుడి మెట్టెక్కని మనిషి పెట్టిన పెయింటు అది.

"ఈ పగులు దగ్గర కొంచెం తుడిచి చూడొచ్చా?" అన్నాను.

"వద్దమ్మా, గట్ల తుడవొద్దు. తప్పు."

ఆ పొర కింద ఆయన వేలు ఆనిన చోటుంది. గోటితో గీకితే చాలు. కానీ పెయింటు బయటపడితే? నిజం చెబితే? రేపే సుత్తి మళ్లీ లేస్తుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

యాదమ్మ పసుపు గిన్నె నా ముందుకు చాపింది. బొట్టులేని నా నుదురు చూసి కూడా చాపింది. "నీ చేతితోని పెట్టమ్మా." పిడికెడు తీసుకుని, పగులుకి అటూ ఇటూ, ఆయన చుక్కలు ఉండాల్సిన చోట, దట్టంగా మెత్తాను. చూద్దామని వచ్చినదాన్ని నేనే కప్పేశాను.

నాలుగున్నర రైలుకి తిరిగొచ్చాను. వెళ్లాలనుకునేవాళ్లు మధ్యాహ్నం ఎండ తప్పించుకోండి, అక్కడ నీడ లేదు. కాజీపేట దాకా కిటికీకి తల ఆన్చి ఏడ్చాను. బెంగ కాలం గడిస్తే అరుగుతుందని అందరూ అంటారు. ఎంత కాలమో ఒక్కరూ చెప్పరు. వాళ్లు రాళ్ల లెక్కన చెబుతున్నారు కాబోలు. నాకు గడిచింది రెండేళ్లే.