వదిన వేళ్లు, మా పుంజు

ఈ రోజు పొద్దున మా పాడి బర్రె చచ్చిపోయింది. వదిన ఏడ్చి ఏడ్చి రొప్పసాగింది. కాసేపటికి ఆమె చేతివేళ్లు కొంకర్లు పోయాయి.

"దీనికి గాలి సోకింది. ఎల్లారెడ్డి ఊరి మంత్రగాన్ని తోలుకరా పో" అని అవ్వ అన్నను పంపింది. ఆయన వస్తే ముందు వేపమండలతో కొడతాడు.

కామారెడ్డి స్టేషన్ దగ్గర కొన్న వైద్య పుస్తకంలో ఈ సంగతి చదివాను. ఒంట్లో పుట్టే బొగ్గుపులుసు వాయువును నెత్తురు ఊపిరితిత్తులకు మోసుకొస్తుంది. నెత్తురులో కాస్త పులుపు చేరేది దానివల్ల. అతిగా రొప్పితే ఆ వాయువు బయటికి పోయి, పులుపు తగ్గి, వేళ్లు బిగుసుకుంటాయట.

"వదినా, నోరు మూసుకొని నాతోని మెల్లగ ఊపిరి తియ్యి."

"నేను సచ్చిపోతనా?"

"పోవు. మెల్లగ తియ్యి."

మంత్రగాడు వచ్చేసరికి వేళ్లు విచ్చుకున్నాయి. వదిన అంబలి గిన్నె పట్టుకొని కూర్చుంది.

"నేను గడప తొక్కంగనే దిగిపోయింది" అన్నాడాయన. అవ్వ దండం పెట్టి, నేను పెంచిన పుంజును ఆయన చేతిలో పెట్టింది. వదినకు దెబ్బలైనా తప్పాయి.

నెత్తురు పులుపు సంగతి అవ్వకు ఎట్లా చెప్పాలో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. ఇంట్లో ఇంకొక్క పుంజే మిగిలింది.