టిచ్ బటన్లు

జహీరాబాద్ బస్టాండు వెనుక బట్టలు కుట్టే భాగీరథి పాదాలకు కుదురన్నది తెలియదు. మిషనుపై గుడ్డ లేకపోయినా అవి పెడలును తొక్కుతూనే ఉంటాయి. బడి నాటకంలో సూపర్‌హీరో వేషం వేయనున్న పక్కింటి దీక్షిత, సినిమాలో లోకాన్ని కాపాడే యువతి పోరాటాన్ని ఫోనులో చూపించినప్పుడు అవి మరింత వేగంగా ఆడాయి. తీరా కుట్టిన, వీపున వేలాడే ఎర్రని కేప్‌ను పిల్ల లాగి చూస్తే, మెడ దగ్గర పటుక్కున ఊడివచ్చింది.

“టిచ్ బటన్లు పెట్టినవేందత్తా? సినిమాల గట్టిగ కట్టుంటది. స్టేజి మీద ఊడితే అందరు నవ్వుతరు!”

“నవ్వనీ బిడ్డా. ఎన్కనుంచి ఎవడన్న గుంజితే గుడ్డ వాని చేతికి పోవాలె, నీ మెడ చిక్కొద్దు,” అంటూ భాగీరథి తన మెడమీది పాత మచ్చను కొంగుతో కప్పుకున్నది.

దీక్షిత ఒక్క క్షణం ఆ కొంగు వైపే చూసి, కేప్ తగిలించుకుని వీపు తిప్పింది. “అయితే గట్టిగ గుంజు అత్తా, చూస్త.”

భాగీరథి గుంజింది. గుడ్డ ఆమె చేతిలో మిగిలింది. పిల్ల నవ్వుతూ వాకిట్లోకి ఉరికింది. మిషను కింద ఆ పాదాలు నిలిచిపోయాయి.