బావ తిప్పని పానాలు

మా బావ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను హుకుంపేట సంతలో ఉన్నాను. మా అమ్మాయి మోటారు సైకిళ్ళ రిపేరు షాపు పెడుతోంది, తప్పకుండా రండని కనపడిన ప్రతివాళ్ళనీ పిలుస్తున్నాను. ఫోన్ ఎత్తితే అక్క ఏడుపు. నా ముఖం మీది నవ్వు మాత్రం వెంటనే పోలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

బావ అంటే మా అక్క భర్త. పాడేరు నుంచి కొండ ఊళ్ళకు జీపు నడిపేవాడు. బండి సామాన్ల కోసం తిరిగీ తిరిగీ విశాఖపట్నంలో పాత ఇనుము కొట్లన్నీ ఆయనకు తెలిసిపోయాయి. నా బంగారుతల్లి మెకానిక్ పని నేర్చుకుని వచ్చిందని నేను ఊరంతా చెప్పుకుని మురిసిపోతుంటే, ఆయన ఒక్కడే "మరి పానాలేవి?" అని అడిగాడు. కొత్తవి కొనే తాహతు నాకు లేదు. "అయితే పట్నం ఎల్దాం, పద" అన్నాడు.

ఓడల్లో పనిచేసి వచ్చిన పానాలు అక్కడ గుట్టలుగా పోసి ఉంటాయి. నేను మెరిసేవి ఏరుతుంటే బావ తీసి పక్కన పడేసేవాడు. ఆయన చొక్కా జేబులో కొలతకొకటిగా బోల్టులు గలగలలాడుతుండేవి. ఇంటి దగ్గర, దారిలో ఆ చప్పుడు వినే ఆయన వస్తున్నాడని అక్క పొయ్యి మీద టీ పెట్టేది. బోల్టును పానా నోట్లో పెట్టి ఊపి చూసేవాడు. కదిలితే వద్దు.

"రంగేసి అమ్ముతన్నాడు. నోరు అరిగిపోనాది సూడు. ఇది నట్టుని తినేత్తది."

"పొద్దున్నించి ఊపుతానే ఉన్నావు. పెళ్ళిసూపులేటి?" అని కొట్టువాడు వెక్కిరించాడు.

"మా గుంట సేతికిత్తాను మరి. పెళ్ళిసూపుల కన్నా ఎక్కువే" అన్నాడు బావ. మా అమ్మాయిని ఆయన గుంట అనే పిలిచేవాడు.

తిరిగి వస్తుంటే ఘాట్ రోడ్డు మీద జీపు ఆగిపోయింది. వాన. ఆయన సొంత పానాలు ఇంటి దగ్గరే ఉండిపోయాయి. గోనెసంచి నిండా కొన్నవి ఉన్నాయి కదా, విప్పబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఒద్దు. ఎవులో ఒకలు వత్తారు."

చాలాసేపటికి ఇంకో జీపు వచ్చింది. తడిసి ముద్దయి, దగ్గుతూ, వాళ్ళ పానా అడిగి తీసుకున్నాడు.

"ఇంత పిసినారివేటి బావా? ఒకసారి తిప్పితే అరిగిపోద్దా?" అన్నాను. బావ నవ్వాడు. తుప్పు వదిలించి షాపు తెరిచే రోజున ఇస్తానని సంచిని తన మంచం కింద పెట్టుకున్నాడు.

మా ఊళ్ళో, పోయినవాళ్ళు వాడుకున్నవి వాళ్ళతోనే పంపుతాం. కంచం, తువ్వాలు, పనిముట్లు సమాధి మీద పెట్టేస్తాం. మళ్ళీ ఇంటికి తెచ్చుకోం. ఆ రోజు అందరూ ఏడుస్తున్నారు. నా కళ్ళు మాత్రం మంచం కిందకే పోతున్నాయి. సంచి కూడా సమాధి మీదకి పోతుందేమోనని నా భయం. బావ శవం పక్కన కూర్చుని నేను ఆలోచించింది అదీ. రాయడానికి చెయ్యి రావడం లేదు.

అక్క చూసేసింది. "సంచి కేసి సూత్తన్నావేటి తమ్ముడూ?" అంది, అందరి ముందూ. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆడి ఇంట్లో ఉన్నయి ఆడియే. పంపీండి" అన్నాడు ఊరిపెద్ద.

"ఆయనవి కావు" అంది అక్క. "ఒక్క నట్టు కూడా వాటితో తిప్పనేదు. ఎన్నాళ్ళో బతకవని డాక్టరు సెప్పిన కాడ్నించీ ఆయనకి తెలుసు. నాను తిప్పితే నావయిపోతాయి, నా ఎనకాలే వచ్చేత్తాయి, గుంటకి మిగలవు అన్నాడు."

ఘాట్ మీద వాన నాకప్పుడు అర్థమైంది. పిసినారి అన్నాను ఆ మనిషిని.

ఇప్పుడు షాపు నడుస్తోంది. నా కూతురు బండి కింద దూరి పనిచేస్తుంటే చూడటానికి నాకు రెండు కళ్ళూ చాలవు. పానా తిరిగిన ప్రతిసారీ ఎంత ఆనందమో, అంత సిగ్గు.

బావ సొంత పానాలు, బోల్టులు ఆయనతోనే వెళ్ళాయి. ఆ రోజు సమాధి దగ్గర అమ్మాయి సంచి విప్పి, ఆ బోల్టుల్ని ఒక్కొక్కటే తన పానాల్లో పెట్టి ఊపి చూసింది. ఒక్కటీ కదల్లేదు. తర్వాత గుప్పిట విప్పి వాటిని కంచంలోకి జారవిడిచింది. గలగలమన్నాయి. అక్క చటుక్కున తల తిప్పి దారి కేసి చూసింది.