కుంభం మోయనన్న మనిషి

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న రైతుకు యాభై ఏళ్లుంటాయి. మాది గోదావరి అవతలి ఊరని తెలిశాక, తన సంగతి దాచకుండా చెప్పాడు. పోయిన ఆదివారం బాప్తిస్మం తీసుకున్నాడట. మేం బస్సులో ఉన్న ఆ రోజు సాయంత్రమే వాళ్ల ఊళ్లో గంగమ్మ జాతర. అమ్మవారి కుంభం మోసే హక్కు వాళ్ల ఇంటిది. పదేళ్లుగా మోస్తున్నది ఇతనే. బాప్తిస్మం సంగతి ఇతని అన్నకు ఇంకా తెలియదు.

"జ్వరమని పడుకుంటే సరిపోయేది కదా?" అన్నాను.

"దొంగ జ్వరం ఎన్నేండ్లు తెచ్చుకునేదప్పా? మా అన్న మొగం సూసి సెప్పాల. ఇంట్లోకి రావద్దంటే యాడికి పోయేదో తెల్దు."

నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. భూములన్నీ పోయాక కూడా, గుడిలో తొలి తాంబూలం కోసం మా నాన్న సొంత తమ్ముడి మీద కోర్టుకెక్కాడు. ఆ తాంబూలం ఇప్పుడు నేనే అందుకుంటున్నాను.

అతని ఊరి దగ్గర బస్సు టీకి ఆగింది. కుంభం మోసేవాడు కట్టుకునే పసుపు పంచె చేతపట్టుకుని, అన్న నలుగురు పెద్దలతో ఎదురుచూస్తున్నాడు. ఇతను దిగి అందరికీ వినబడేలా చెప్పాడు.

"అన్నా, నేను యేసయ్యను నమ్మినాను. బాప్తిస్మం గూడా తీసుకున్నా. ఇంక కుంభం మోయను."

"పదేండ్లు మోసినోడికి ఈ పొద్దు బరువైందా?" అన్నాడొక పెద్దాయన.

 అన్న ఆ పంచెను తన భుజాన వేసుకున్నాడు.

"కుంభం నేను మోస్తాలే. మీ వదిన సంగటి సేసి పెట్టిండాది. ముందు ఇంటికి పోయి తిను."

అంతసేపూ తొణకని మనిషి ఆ మాటకు ఏడ్చాడు.

మా వంశంలో ఎవరూ ఎదుటివారికంటే ముందు దండం పెట్టరు. ఆ అన్నదమ్ములు నా వైపు చూడకపోయినా, కిటికీలోంచి ఇద్దరికీ పెట్టాను.