యేసోబు పాపిట

దయ్యాల మాట ఎత్తితే నాకు మొదటినుంచీ చిరాకు. ముప్పయ్యేళ్లు విజయవాడలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి. చింతచెట్టు కింద తెల్లచీర కనిపించిందని కథలు చెప్పే పిల్లల్ని బెంచీ ఎక్కించిన రోజులు ఉన్నాయి. మేం క్రైస్తవులం. ఆదివారం చర్చికి వెళతాం, ప్రార్థన చేసుకుంటాం. అంతేగానీ పోయినవాళ్లు తిరిగొచ్చి మన పనులు చేసిపెడతారంటే నేను ఒప్పుకోను. ఇప్పటికీ ఒప్పుకోను. అయినా ఇది రాస్తున్నాను. చూసింది చూసినట్టు రాయమని పిల్లలకి చెప్పి, నేను మాత్రం దాచుకుంటే బాగుండదు కదా.

పంతొమ్మిదివందల డెబ్భైల్లో మాట. రిటైరయ్యాక నేనూ మా ఆవిడ కరుణమ్మా సంవత్సరాన్ని రెండు ముక్కలు చేసుకున్నాం. కోతలయ్యాక జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా భవానీపురంలో రెండు గదుల అద్దె వాటా. కాలవలకి నీళ్లు వదులుతున్నారని తెలియగానే ట్రంకుపెట్టె, కిరసనాయిలు స్టవ్వు, ఆవకాయ జాడీ సర్దుకుని గుడివాడ బస్సెక్కేవాళ్లం. అక్కడ బస్సు మారి, లాకుల దగ్గర దిగి, కాలవ గట్టు మీద రెండు మైళ్లు నడిస్తే ఊరు. అరవై ఇళ్లుంటాయేమో. మా ఆవిడ పుట్టింటి వైపు నుంచి వచ్చిన మూడెకరాల మాగాణి, ఒక పెంకుటిల్లు అక్కడ ఉన్నాయి. మేం గట్టు మీద కనబడగానే ఊళ్లోవాళ్లు "కొంగలొచ్చాయిరోయ్, ఇంక నారు పోసుకోవచ్చు" అని నవ్వేవాళ్లు. మా ఆవిడ కూడా నవ్వేది. నాకు మాత్రం కాస్త ఒళ్లు మండేది.

వ్యవసాయం నడిపింది నేను కాదు, యేసోబు. నాకంటే పదేళ్లు పెద్దవాడు. మా పొలం పక్కనే ఆయనకి ఒక ఎకరం ఉంది. రెండిళ్లకీ కలిపి మా చేలో ఒక మూల నారుమడి పోసేవాళ్లం. మడి మాది, విత్తనం ఆయనది. ఆ విత్తనానికి పేరంటూ లేదు. చుట్టుపక్కల అందరూ కొత్త పొట్టి రకాల్లోకి మారిపోయినా యేసోబు తన తండ్రి నాటి వడ్లే దాచుకుంటూ వచ్చాడు. ఆ నారు కాడ మొదట్లో ఊదారంగులో ఉంటుంది. ఆ రంగు ఊరు మొత్తంలో మా మడిలో తప్ప ఇంకెక్కడా కనిపించదు.

ఆయనది ఎడమచేతి వాటం. ఆ చేతికి చివరి రెండు వేళ్లు లేవు. చిన్నప్పుడు చెరుకు గానుగలో పోయాయి. మూడు వేళ్లతో విత్తనం చల్లేసరికి ప్రతి విసురుకీ మధ్యలో సన్నగా, వంపు తిరిగిన ఖాళీ పడేది. నారు పచ్చబడ్డాక గట్టు మీద నిలబడి చూస్తే మడికి తల దువ్వి పాపిట్లు తీసినట్టుండేది. ఊళ్లో దాన్ని యేసోబు పాపిట అనేవాళ్లు. కుడిచేత్తో చల్లితే ఆ ఖాళీలు పడవు కదా అని నేనొకసారి సలహా ఇచ్చాను.

"అట్టా చల్లితే నాకు నిద్ర పట్టదండీ మాస్టారూ" అన్నాడు.

ఆయన పోసిన మడి ఒక్క ఏడూ పోలేదు. చలవ చెయ్యి అనేవాళ్లు అందరూ. చలవా లేదు, గిలవా లేదు, మొలక కట్టడం తెలుసు, అంతే అనేవాణ్ణి నేను.

ఒక వేసవిలో ఆయన పోయాడు. భవానీపురానికి కార్డు ముక్క చేరేసరికి సమాధి కూడా అయిపోయింది. ఆ జూన్లో మేం ఊరికి వెళ్లిన రోజే ఆయన భార్య దీనమ్మ విత్తనాల బస్తా తీసుకొచ్చి మా పంచలో దింపింది.

"ఉన్నది ఇదేనండీ మాస్టారూ. ఇది మొలిస్తేనే నాకు ఏడాది గింజలు. మండె నన్ను కట్టమంటారా?"

మండె కట్టడమంటే, నానిన వడ్లని గోనెసంచిలో పోసి, ఎండుగడ్డి కప్పి, పైన బరువు పెట్టి వెచ్చగా ఉంచడం. ఒకటిన్నర రోజులో తెల్లటి మొలక వస్తుంది. మధ్యమధ్య విప్పి, కలియబెట్టి, నీళ్లు చిలకరించాలి. యేసోబు సంచిలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి వేడి చూసేవాడు. నేను దీనమ్మతో, నీకెందుకు శ్రమ, నేను చూసుకుంటాను అన్నాను. శ్రమ సంగతి కాదు. ఈ చలవ చేతుల గొడవ లేకుండా పద్ధతి ప్రకారం చేస్తే ఎలా ఉంటుందో ఊరికి చూపించాలని నా సరదా.

వడ్లు నానబెట్టి మండె కట్టేనాటికి మా ఆవిడ ఊళ్లో లేదు. వచ్చిన మర్నాడే వాళ్ల చెల్లెలి కూతురి పెళ్లికని మళ్లీ విజయవాడ వెళ్లింది. ఉంటే నన్ను ఆపేదే. నేను గడ్డి బదులు సంచికి రబ్బరు షీటు చుట్టాను, వేడి బయటికి పోకూడదని. స్కూలు వదిలేటప్పుడు తోటివాళ్లు ఇచ్చిన థర్మామీటరు సంచి మూతి దగ్గర గుచ్చాను. పూటపూటా అంకె రాసుకున్నాను. అంకె బాగానే ఉంది కాబట్టి సంచి విప్పనే లేదు. అంచున గుచ్చిన థర్మామీటరు అంచు వేడే చెబుతుందని, ఎనిమిదో తరగతి పిల్లవాడికి తెలిసిన విషయం నాకు తట్టలేదు.

మూడో రోజు పొద్దున విప్పితే ఆవిరి మొహం మీద కొట్టింది. పులిసిన గంజి వాసన. మధ్యలో చెయ్యి పెడితే కాలింది. ఒక్క గింజకీ మొలక లేదు. వేలితో నొక్కితే పొట్టులోంచి జిగురుగా పిండి బయటికొచ్చింది. బస్తాడు విత్తనాన్నీ ఉడకబెట్టేశాను.

నాకు పింఛను వస్తుంది. మడి పోయినా నా కంచంలోకి అన్నం వస్తుంది. దీనమ్మకి ఆ ఎకరం తప్ప ఇంకేమీ లేదు. ఊళ్లో అందరూ అప్పటికే నారు పోసేశారు, ఎవరి దగ్గరా విత్తనం మిగల్లేదు. వెళ్లి ఆవిడకి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. ఏ మూలో నాలుగు గింజలు బతికుంటాయిలే అని నన్ను నేను మభ్యపెట్టుకుని, బురదగా దమ్ము చేసి ఉంచిన మడిలో ఆ విత్తనమే చల్లేశాను. తూర్పు గట్టు నుంచి మొదలుపెట్టి, కుడిచేత్తో, అయిదు వేళ్లతో. ఇంత పిరికి పని నా జన్మలో చేయలేదు.

అయితే అలవాటు ఎక్కడికి పోతుంది? చల్లే ముందు సంచిలో అడుగునా, మధ్యా, పైనా తలా కాసిని తీసి, వంద గింజలు లెక్కపెట్టి, తడిగుడ్డలో చుట్టి వంటింట్లో పళ్లెంలో పెట్టాను. సంచిలో మిగిలిన గుప్పెడు గడ్డివాము పక్కన పారబోశాను.

మర్నాడు మడిలో నీళ్లు తీసేశాను. ఆ సాయంత్రం మా ఆవిడ వచ్చి, "నారు పోశారట, చెయ్యి తిరిగిందా?" అని వేళాకోళం చేసింది. ఆఁ అని ఊరుకున్నాను.

రోజూ పొద్దునా సాయంత్రమూ వెళ్లి చూసేవాణ్ణి. బురద తప్ప ఏమీ లేదు. మామూలుగా నారు పోశాక పిచ్చుకల్ని తోలలేక చేతులు పడిపోతాయి. ఆ మడి మీద ఒక్క పిచ్చుకా వాలలేదు. చచ్చిన గింజని పిట్ట కూడా ముట్టదు కాబోలు అనుకున్నాను. తడిగుడ్డ విప్పితే వందకి వందా బూజు పట్టాయి. గడ్డివాము పక్కన పారబోసినవి కుళ్లి కంపు కొట్టాయి.

అయిదో రోజు సాయంత్రం ఇక మోయలేక మా ఆవిడకి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చేస్తున్న పని ఆపింది.

"ముందు దీనమ్మకి చెప్పండి. దేవుడికి తరవాతైనా చెప్పుకోవచ్చు" అంది.

పొద్దున్నే వెళతానని మాటిచ్చాను.

ఆరో రోజు ఎండ పొడిచాక బయల్దేరాను. దీనమ్మ పాకకి వెళ్లే దారి నారుమడి గట్టు మీంచే. తల వంచుకుని నడుస్తున్నవాణ్ణి, కంటికి పచ్చగా ఏదో తగిలి తలెత్తాను.

మడి నిండా నారు.

అక్కడక్కడా కాదు, మూలమూలకీ. వేలెడు ఎత్తున సూదుల్లా నిలబడి, ఒక్కో మొన మీద ఒక్కో నీటిబొట్టుతో. ముందురోజు సాయంత్రం ఇదే గట్టు మీద నిలబడి ఉత్త బురద చూసి వెళ్లాను. ఆ పచ్చదనం మధ్యలో, ఈ చివర నుంచి ఆ చివరకి, ఒకదాని పక్కన ఒకటి, సన్నగా వంపు తిరిగిన పాపిట్లు.

 గట్టు మీద కూలబడ్డాను. భయం వేయలేదు. అది మాత్రం స్పష్టంగా చెప్పగలను. పెద్దవాళ్లు ఉన్న గదిలోకి చెప్పులతో వెళ్లినట్టనిపించి చెప్పులు విప్పేశాను. ఎందుకు విప్పానో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

కాస్త తేరుకున్నాక నాలోని సైన్సు మాస్టారు లేచాడు. ఒక మొక్క పీకి చూశాను. కాడ ఊదారంగు. వేరుకి అంటుకుని ఉన్న పొట్టు ఉడికి నల్లబడి ఉంది. అంటే నేను చల్లిన గింజే. ఇంకో పది పీకాను. పదీ అంతే. బురద పైన పొర గట్టిపడి ఉంది, దాని మీద తూర్పు నుంచి పడమటికి నా అడుగులు తప్ప ఇంకెవరి అడుగూ లేదు. పాపిట్లు మాత్రం పడమటి గట్టు దగ్గర మొదలయ్యాయి. యేసోబు ఎప్పుడూ అటువైపు నుంచే మొదలుపెట్టేవాడు. వంపులన్నీ ఎడమచేత్తో విసిరితే పడే వంపులు. ముప్పయ్యేళ్లు పిల్లల చేతిరాతలు దిద్దినవాణ్ణి, ఎవరి రాత ఎవరిదో పేరు చూడకుండా చెప్పగలను. ఆ మడి ఎవరి చేతిదో నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

నేను ఎంతకీ రాలేదని మా ఆవిడ వచ్చింది. మడి చూసి, పైటకొంగు తల మీదికి లాక్కుని అలాగే నిలబడిపోయింది. 

తరవాత నేను ఆలోచించని మార్గం లేదు. ఎవరో వచ్చి మళ్లీ చల్లారనుకుందాం. ఆ విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. చల్లినా వాళ్ల అడుగులేవి? కొన్ని గింజలు నిజంగా బతికాయనుకుందాం. పళ్లెంలో వందకి ఒక్కటైనా మొలవాలి కదా? మొలిచాయే అనుకుందాం, నేను చల్లిన గింజలు పాపిట్లు తీసుకుని ఎలా సర్దుకున్నాయి? కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే నా మిత్రుడికి మొత్తం రాసి పంపితే, ఆరోగ్యం జాగ్రత్త అని జవాబిచ్చాడు.

ఆ రోజే మధ్యాహ్నానికి ముందు దీనమ్మ వచ్చింది. గట్టు మీద నిలబడి మడి వైపు చూసింది. ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆవిడ మొహంలో అలాంటిదేమీ లేదు. ఇంటికి ఆలస్యంగా వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. నేను దాచకుండా చెప్పేశాను. విత్తనం నేనే పాడుచేశానని, తెలిసే చల్లానని, నీకు చెప్పడానికి నోరు రాలేదని చేతులు జోడించాను.

"నాకు తెలుసండీ మాస్టారూ" అంది దీనమ్మ. "ఆ పులుపు వాసన మా పాకదాకా వొచ్చింది. అంత పెద్దాయన్ని మిమ్మల్ని ఏమంటాను? పోయి ఆయనకి చెప్పుకున్నా."

"ఎవరికి?" అన్నాను.

గడ్డంతో కాలవ అవతలి సమాధుల వైపు చూపించింది.

"నాలుగు రోజులు పోరానండీ. మాస్టారు ఇత్తనాలు ఉడకబెట్టాడు, నువ్విట్టా పడుకుంటే నా గతేంటి, లేచి చూడు అన్నా. నిన్న బాగా తిట్టా కూడాను."

అంతే. దాంట్లో వింతేమీ లేనట్టు, కొంగు బిగించి మడికి నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండునని నాకు ఏడుపొచ్చింది.

ఆ నారు మా మూడెకరాలకీ ఆవిడ ఎకరానికీ సరిపోయింది. తరవాతి ఏడు నుంచి మండె దీనమ్మే కట్టింది, విత్తనమూ ఆవిడే చల్లింది. మడి బాగానే వచ్చేది. పాపిట్లు మళ్లీ ఎప్పుడూ పడలేదు. దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే లేవనే అంటాను. మరి అదేమిటి అంటారా? ఏదో ఒక వివరణ అల్లి చెప్పొచ్చు. అల్లితే నాకే అబద్ధమనిపిస్తుంది.

ఆ ఏడు కోతలయ్యాక దీనమ్మ మమ్మల్నిద్దర్నీ భోజనానికి పిలిచింది. పాక ముందు చాప వేసి, తన ఎకరంలో పండిన కొత్తబియ్యం వండి, గోంగూర పచ్చడీ చేపల పులుసూ వడ్డించింది. అన్నం పొగలు కక్కుతోంది. చచ్చిందని నా చేతులతో నేను తేల్చిన గింజ అది. ముద్ద కలిపాను గానీ నోటిదాకా తీసుకెళ్లలేకపోయాను. మా ఆవిడ కూడా కంచం ముందు తల వంచుకుని కూర్చుంది.

"తినండి మాస్టారూ, చల్లారిపోద్ది" అంది దీనమ్మ.

తిన్నాను. అంత మెల్లగా, అంత శ్రద్ధగా నేను ఎప్పుడూ అన్నం తినలేదు. అయిపోయాక కంచం చాపి, ఇంకొంచెం పెట్టమని అడిగాను.